నీళ్లు దిగాయని గూడ్స్ బండిని పంపకండి: రైల్వే బోర్డుకు బహిరంగ లేఖ

రైల్వే బోర్డు ఛైర్మన్ గారికి, బోర్డు సభ్యులకు, జోన్ల జనరల్ మేనేజర్లకు, డివిజన్లలో ట్రాక్ బాధ్యత చూసే ఇంజనీర్లకు, బండ్ల రాకపోకలు నడిపించే కంట్రోల్ ఆఫీసుల్లో రాత్రంతా ఫోన్లు పట్టుకుని కూర్చునే వాళ్లకు నమస్కారం.

గూడ్స్ బండి పట్టాలు తప్పిందన్న వార్త పేపర్లో నాలుగు లైన్లకు మించి రాదు. ఇన్ని వ్యాగన్లు పడిపోయాయి, ప్రాణనష్టం లేదు, ఫలానా రైళ్లు రద్దయ్యాయి, మరమ్మతులు జరుగుతున్నాయి, అంతే. మర్నాటికి ఎవరికీ గుర్తుండదు. అదే ప్రయాణికుల బండి అయితే దేశమంతా మాట్లాడుకుంటుంది. ఈ తేడా పేపర్లలోనే ఉంటే నేను ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు. మీ నిర్ణయాల్లో కూడా ఉందని నాకు అనిపిస్తోంది, అందుకే రాస్తున్నాను.

నేను అడిగేది ఒక్కటే. నది పక్కన ట్రాక్ వరదలో మునిగి, తర్వాత నీళ్లు దిగిపోయినప్పుడు, ఆ ట్రాక్ గట్టిగా ఉందో లేదో తెలుసుకోవడానికి లోడుతో ఉన్న గూడ్స్ బండిని పంపకండి.

ట్రాక్ మళ్లీ తెరిచినప్పుడు మొదట గూడ్స్ బండిని వదలడం కొత్తేమీ కాదు. 2023 జూన్‌లో బాలాసోర్ ప్రమాదం తర్వాత ఆ లైన్ మీద మొదట నడిచింది విశాఖ పోర్టు నుంచి రూర్కెలాకు బొగ్గు తీసుకెళ్లే బండే. దాన్ని నేను తప్పు పట్టడం లేదు. అక్కడ పాడైంది పైనున్న ట్రాక్, దాన్ని మీ మనుషులు కళ్లముందే తిరిగి వేశారు, కింద నేల మీద ఏ అనుమానమూ లేదు. వరద సంగతి అలా కాదు. వరద పాడు చేసేది కింద, కంటికి ఆనని చోట. కాబట్టి ఆ అలవాటును ఇక్కడికి తెచ్చుకుంటే కుదరదు.

మీకు తెలియనిది నేను చెప్పడం లేదు, అయినా ఈ ఉత్తరం చదివే మామూలు జనం కోసం చెబుతాను. పట్టాలు, స్లీపర్లు, కంకర పైకి కనిపిస్తాయి. చివరికి బండి బరువు మోసేది వాటి కింద ఉన్న మట్టి కట్ట. కట్ట పక్కన రోజుల తరబడి వరద నీళ్లు నిలబడితే మట్టి నీళ్లు తాగి మెత్తబడుతుంది. అయినా బయట నీళ్లు ఉన్నంతసేపు ఆ నీళ్ల ఒత్తిడే కట్టను పక్కనుంచి ఎంతో కొంత ఆపుతూ ఉంటుంది. నది తగ్గినప్పుడు బయటి నీళ్లు గబగబా దిగిపోతాయి, కట్ట లోపలికి ఇంకిన నీళ్లు మాత్రం అంత తొందరగా బయటికి రావు. అంటే కట్ట బరువెక్కి ఉంటుంది, లోపల మట్టికి పట్టు ఉండదు, పక్కన ఆసరా కూడా పోయి ఉంటుంది. నది వైపు జారిపోయే ప్రమాదం ఎక్కువ ఉండేది సరిగ్గా అప్పుడే. మనకేమో నీళ్లు తగ్గాయంటే గండం గడిచినట్టు అనిపిస్తుంది, కంట్రోల్‌కు ఫోన్ చేసి క్లియర్ అని చెప్పేదీ అప్పుడే.

ఆ సమయంలో దాని మీదికి వచ్చేది ఏమిటి? బొగ్గు నింపిన వ్యాగన్ ఒక్కో ఇరుసు మీద దాదాపు 23 టన్నులు మోపుతుంది. అలాంటి వ్యాగన్లు ఒక రేక్‌లో, అంటే ఒక బండికి తగిలించిన వ్యాగన్ల వరుసలో, 58, 59 ఉంటాయి. మొత్తం బరువు 5 వేల టన్నులు దాటుతుంది. ప్రయాణికుల పెట్టెలకూ వీటికీ పోలికే లేదు. పైగా ఇంజన్ దాటేసిందంటే మిగతాదంతా దాటుతుందన్న భరోసా ఏమీ లేదు. నానిన నేల ఒక్క దెబ్బకు కూలిపోదు, ఒక్కో ఇరుసు దాటుతున్న కొద్దీ కాస్త కాస్తగా కుంగుతూ పోతుంది. ఇంజన్, ముందు ఇరవై వ్యాగన్లు దాటాక నడుమ వ్యాగన్ పడిపోవచ్చు. అప్పటికి లోకో పైలట్ ముందు అంతా బాగానే ఉంటుంది, వెనక బ్రేక్ వ్యాన్‌లో ఒంటరిగా ఉన్న గార్డు, ఇప్పుడు మీరు ట్రైన్ మేనేజర్ అంటున్న ఆ మనిషి, అర కిలోమీటరుకు పైగా దూరంలో ఉంటాడు.

సిగ్నల్ చెబుతుంది కదా అని కొందరు అంటారు. చెప్పదు. సిగ్నల్ కోసం పట్టాల్లో కరెంటు పారించే ట్రాక్ సర్క్యూట్‌కు తెలిసేది పట్టా మీద బండి ఉందా, పట్టా తెగిందా అన్నంత వరకే. కింద కంకర, మట్టి మొత్తం కొట్టుకుపోయి, పట్టాలు తెగకుండా స్లీపర్లతో సహా గాలిలో వేలాడుతున్నా దాని లెక్కలో అంతా సవ్యంగానే ఉంటుంది, సిగ్నల్ పచ్చగానే వెలుగుతుంది. యాక్సిల్ కౌంటర్ అయితే ఇరుసుల్ని లెక్కపెడుతుంది, అంతే. కవచ్ మంచిదే, అది అన్ని లైన్లకూ రావాలి, కానీ అది బండ్లు ఢీకొనకుండా, ఎర్ర సిగ్నల్ దాటకుండా చూడటానికి పెట్టింది. కట్ట కింద మట్టి లేదన్న సంగతి దానికి తెలిసే దారి లేదు.

ఇది ఊహించి రాస్తున్నది కాదు. 2024 సెప్టెంబర్ 1న మహబూబాబాద్ జిల్లాలో ఇంటికన్నె, కేసముద్రం మధ్య అందరం చూశాం. ఆ రాత్రి కురిసిన వానకు ట్రాక్ కింద నేల కొట్టుకుపోయింది, పట్టాలు స్లీపర్లను మోస్తూ నీటి మీద వేలాడాయి. ముందే తెలిసి బండ్లు ఆపారు కాబట్టి అది ఫొటోతో సరిపోయింది. అవే రోజుల్లో బుడమేరు పొంగి రాయనపాడు స్టేషన్ నీటిలో మునిగింది, ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి పారింది. రోజుకు ఎన్నో గూడ్స్ బండ్లు నడిచే లైన్లు ఇవి. అప్పుడు మీ సిబ్బంది నడుంలోతు నీళ్లలో, బురదలో పని చేసి ఆ దారిని మళ్లీ నిలబెట్టారు. వాళ్లకు చేతులెత్తి దండం పెడతాను. ఈ ఉత్తరం వాళ్లను తప్పు పట్టడానికి రాసింది కాదు, వాళ్ల మాటకు బలం ఉండాలని రాసింది.

నీళ్లు దిగాక ఏం జరుగుతుందో చూడాలంటే కెనడాలోని క్యాల్గరీ సంగతి చూడండి. 2013 జూన్‌లో బో నదికి భారీ వరద వచ్చింది. వరద ముమ్మరంగా ఉన్నది 20, 21 తేదీల్లో. నది మీద వందేళ్ల నాటి బానీబ్రుక్ రైలు వంతెన కుంగింది 27న, అంటే నీళ్లు తగ్గుముఖం పట్టి రోజులు గడిచాక. దాని మీద వెళ్తున్నది గూడ్స్ బండి. ఇంజన్లు, బండిలో చాలా భాగం క్షేమంగా దాటాయి, తర్వాత ఆరు వ్యాగన్లు పట్టాలు తప్పి వంతెన మీదే ఆగిపోయాయి. వాటిలో ఐదింటిలో పెట్రోలియం సరుకు ఉంది. అదృష్టం కొద్దీ నదిలో పడలేదు. వంతెనను వాళ్లు చూడకుండా వదిలేశారా అంటే అదీ కాదు, వరద వచ్చినప్పటి నుంచి పదే పదే తనిఖీ చేశారు. కానీ పైనుంచి చూశారు. నీటి వేగానికి కింద దిగి చూసే వీలు లేకపోయింది. పిల్లర్ పునాది చుట్టూ నేలను నది కోసుకుపోయిన సంగతి పైనుంచి చూసిన ఏ కంటికీ అందలేదు. ఎన్నిసార్లు చూశారన్నది ముఖ్యం కాదని, ఎక్కడ చూశారన్నది ముఖ్యమని చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకలేదు.

ఇంకొకటి అమెరికాలో, ఐయోవా రాష్ట్రంలో, డూన్ అనే చిన్న ఊరి దగ్గర. 2018 జూన్ 22, తెల్లవారుజాము చీకటి. అంతకు ముందు రెండు రోజులు గట్టి వానలు, లిటిల్ రాక్ నది పొంగి పొలాల మీద పడింది. ముడిచమురు ట్యాంకర్లతో వెళ్తున్న గూడ్స్ బండి ఆ వరదలోనే పట్టాలు తప్పింది. ముప్పైకి పైగా ట్యాంకర్లు పడిపోయాయి, లక్షన్నర గాలన్లకు పైగా చమురు వరద నీటిలో కలిసింది. సిబ్బందికి ఏమీ కాలేదు. దిగువన ఉన్న రాక్ వ్యాలీ అనే ఊరు మాత్రం వెంటనే తాగునీటి బావులు మూసేసి వేరే చోటు నుంచి నీళ్లు తెచ్చుకోవాల్సి వచ్చింది. గూడ్స్ బండి పడితే ప్రాణనష్టం లేదు అని రాసి వదిలేస్తాం కదా, నది పక్కన పడ్డ బండి విషయంలో నష్టం లెక్క అక్కడితో ఆగదు. వ్యాగన్లలో ఉన్నది పెట్రోలు కావచ్చు, ఎరువులు కావచ్చు, యాసిడ్ కావచ్చు. దిగువ ఊళ్లు తాగేది ఆ నీళ్లే.

ఈ రెండు ప్రమాదాల గురించి నాకు ఇంత తెలియడానికి కారణం ఉంది, దాని గురించి కాస్త గట్టిగానే అడగదలిచాను. ఆ దేశాల్లో గూడ్స్ బండి పడినా రైలు కంపెనీ చేతి కింద లేని సంస్థ విచారణ చేసి నివేదిక జనం ముందు పెట్టింది. కట్ట ఎలా పోయింది, వాన ఎంత పడింది, ఎవరు ఎప్పుడు ఏం చూశారు, ఎవరైనా చదువుకోవచ్చు. మన దగ్గర రైల్వే భద్రతా కమిషనర్ పౌర విమానయాన శాఖ కింద పనిచేస్తారు, అంటే మీ చేతి కింద ఉండరు, మంచి పద్ధతే. కానీ 1989 రైల్వే చట్టం కింద ఆయన తప్పనిసరిగా విచారించేది ముఖ్యంగా ప్రయాణికుల బండ్లకు జరిగిన తీవ్ర ప్రమాదాలు. గూడ్స్ బండి పట్టాలు తప్పితే మామూలుగా మీ శాఖలోని అధికారులే కమిటీగా కూర్చుని విచారిస్తారు, ఆ కాగితం ఫైల్లోకి వెళ్తుంది. ఒక డివిజన్‌లో నేర్చుకున్న పాఠం పక్క డివిజన్‌లో ట్రాక్ చూసే ఇంజనీరుకు ఎలా చేరుతుంది? కమిటీలో కూర్చునేది ఇంజనీరింగ్, మెకానికల్, ఆపరేటింగ్ విభాగాల వాళ్లే కాబట్టి తప్పు ట్రాక్‌దా, వ్యాగన్‌దా, నడిపినవాడిదా అన్న చోటే చర్చ తిరుగుతుందని ఎప్పటినుంచో వినిపించే మాట. నీళ్లు దిగాక ఆ బండిని వదలమని ఎవరు అన్నారు, ఏం చూసి అన్నారు అన్న ప్రశ్న కూడా ఆ కాగితంలో ఉండాలి, ఆ కాగితం బయటికి రావాలి.

ప్రయాణికులు పోయినప్పుడు మనం నేర్చుకున్నాం. 1956 సెప్టెంబర్‌లో మహబూబ్‌నగర్, జడ్చర్ల మధ్య వంతెన కూలి వందమందికి పైగా పోయారు. అదే ఏడాది నవంబర్‌లో అరియలూరు దగ్గర మరో బండి వరదకు బలైంది, లాల్ బహదూర్ శాస్త్రి గారు రైల్వే మంత్రి పదవి వదులుకున్నారు. 2005 అక్టోబర్ 29న వలిగొండ దగ్గర డెల్టా ప్యాసింజర్. ఎగువన తెగిన చెరువు నీళ్లు రైలు కట్టను కోసేశాయి, ఆ చీకట్లో బండి అందులో పడింది, మళ్లీ వందమందికి పైగానే. దాని తర్వాత ట్రాక్‌కు ఎగువన ఉన్న చెరువుల మీద, రాష్ట్ర ఇరిగేషన్ వాళ్లతో కలిసి చేసే తనిఖీల మీద అందరి చూపూ పడింది. ఇంతమంది పోతేగానీ చూపు పడకపోవడం బాధాకరం. అదే నేల, అదే వాన, అదే కట్ట. బండిలో జనం లేరన్న కారణంతో గూడ్స్ బండి నుంచి మనం నేర్చుకోకపోతే, తర్వాత అదే కట్ట మీదికి వచ్చేది జనం ఉన్న బండే.

జనం లేరు అని అన్నాను, నిజానికి ఉన్నారు. ఇంజన్‌లో లోకో పైలట్, అసిస్టెంట్ లోకో పైలట్, వెనక గార్డు. ముగ్గురూ మనుషులే.

ఇక రాత్రి గస్తీ తిరిగే ట్రాక్‌మన్ గురించి. వానాకాలం గస్తీ అంటే ఏమిటో రైలెక్కే జనంలో చాలామందికి తెలియదు. అర్ధరాత్రి, కుండపోత. ఒంటి మీద రెయిన్‌కోటు, చేతిలో మూడు రంగుల దీపం, భుజానికి సంచి, అందులో డిటొనేటర్లు, అంటే పట్టా మీద పెడితే చక్రం ఎక్కగానే పేలి ఆ చప్పుడుతో లోకో పైలట్‌ను హెచ్చరించేవి. స్లీపర్ల మీద అడుగులో అడుగు వేసుకుంటూ కిలోమీటర్ల కొద్దీ నడుస్తాడు. కల్వర్టు దగ్గర ఆగి వంగి చూస్తాడు. నీళ్లు ఎగువ వైపు ఎంత ఎత్తున ఉన్నాయి, దిగువ వైపు ఎంత ఉన్నాయి, రెండింటికీ తేడా పెరిగిందా. వంతెన గోడ మీద గీసిన డేంజర్ లెవల్ గీత కనిపిస్తోందా, మునిగిందా. కర్రతో కట్ట అంచు పొడిచి చూస్తాడు, దిగబడితే అనుమానం. దిగువ వైపు నుంచి బురద నీళ్లు ఊరుతుంటే ఇంకా అనుమానం, ఎందుకంటే తేట నీళ్లు ఊరితే నీళ్లు మాత్రమే వస్తున్నాయి, బురద వస్తే లోపలి మట్టి కూడా వచ్చేస్తోంది. ప్రమాదం అనిపిస్తే బండి వచ్చే వైపు పరుగెత్తి 600 మీటర్ల దగ్గర ఒక డిటొనేటరు, 1200 మీటర్ల దగ్గర పదేసి మీటర్ల ఎడంతో మూడు పెట్టాలి. వానలో, చీకట్లో, రాళ్ల మీద, కిలోమీటరుకు పైగా పరుగు. అతను అనుకున్న టైముకు స్టేషన్‌కు రాకపోతే స్టేషన్ మాస్టర్ బండ్లకు కాషన్ ఆర్డర్ ఇచ్చి వేగం తగ్గించాలన్న నియమం కూడా మీదే, చాలా మంచి నియమం.

మరి ఆ మనిషి "సార్, నీళ్లు దిగాయి గానీ కట్ట నాకు నచ్చలేదు, ఇప్పుడే వదలొద్దు" అంటే ఆ మాట ఎంతవరకు చెల్లుతుంది? అవతల కంట్రోల్‌లో ఐదు రేక్‌లు వెయిటింగ్, థర్మల్ స్టేషన్లో బొగ్గు నిల్వ తగ్గిందని పై నుంచి ఫోన్లు, సిబ్బంది డ్యూటీ గంటలు అయిపోతున్నాయన్న టెన్షన్. నాకు ఇవన్నీ చిన్న విషయాలుగా కనిపించడం లేదు. ఏటా 150 కోట్ల టన్నులకు పైగా సరుకు మోసే సంస్థ మీది, అందులో సగం దాకా బొగ్గే, ఒక లైన్ ఆగితే ఎక్కడో కరెంటు పోతుంది. అయినా ఆ ఒత్తిడి కంట్రోలర్ నుంచి ఇంజనీరుకు, ఇంజనీరు నుంచి కట్ట మీద నిలబడ్డ ట్రాక్‌మన్‌కు దిగకూడదు. అనుమానంతో బండి ఆపి, తర్వాత చూస్తే అంతా బాగానే ఉందని తేలినా, ఆపినందుకు అతన్ని గానీ, లోకో పైలట్‌ను గానీ వివరణ అడగకూడదు. ఒక్కసారి అడిగితే చాలు, ఆ డివిజన్‌లో మళ్లీ ఎవరూ అనుమానంతో బండి ఆపరు.

అందుకని నేను కోరేవి చెబుతాను. వరదలో మునిగిన నదీ తీరపు ట్రాక్‌ను చీకట్లో తెరవకండి, తెల్లవారనివ్వండి. పైనుంచి ట్రాలీ మీద వెళ్తూ చూస్తే సరిపోదు, ఇంజనీరు కట్ట దిగి నది వైపు అడుగు భాగాన్ని నడిచి చూడాలి, కల్వర్టుల దిగువ వైపు కోత చూడాలి, వంతెన పిల్లర్ల దగ్గర లోతు కొలిచి పాత కొలతతో పోల్చాలి. నీటి వేగానికి కొలవడం కుదరకపోతే కుదరలేదనే రాయాలి, కుదిరే వరకు లోడు బండి వెళ్లకూడదు. నది గబగబా దిగుతున్న గంటల్లో అసలు తొందరే వద్దు. తర్వాత ఒట్టి ఇంజన్, నడక వేగంతో, కింద మనుషులు చూస్తుండగా. దాని తర్వాత ఖాళీ రేక్. ప్రతి దాని తర్వాత ట్రాక్ లెవల్ మళ్లీ చూడాలి, కుంగిందంటే అక్కడితో ఆపాలి. లోడు గూడ్స్ అన్నిటికన్నా చివర. ఇప్పుడున్న మీ మాన్యువల్‌లో వీటిలో కొన్ని ఉన్నాయి. ఎవరి సంతకంతో, ఏయే కొలతలు చూశాక లోడు బండిని వదిలారన్నది ఒకే కాగితం మీద ఉండాలని నేను అడుగుతున్నాను. కొన్ని వంతెనల దగ్గర నీటి మట్టం కొలిచి ఫోన్‌కు మెసేజ్ పంపే పరికరాలు పెట్టారు, బాగుంది, వాటితో పాటు నది ఎంత వేగంగా దిగుతోందో కూడా కంట్రోల్ బోర్డు మీద కనిపించేలా చేయండి.

పెట్రోలు ట్యాంకర్లు, రసాయనాలు తీసుకెళ్లే బండ్లను వరద ఉన్నన్ని రోజులు వేరే దారిలో తిప్పండి. దారి లేకపోతే నిలపండి. తిప్పడం, నిలపడం రెండూ కుదరని చోట, దిగువన తాగునీరు తోడే ఊళ్ల అధికారులకు ఏ సరుకు, ఏ వేళకు వెళ్తోందో ముందే చెప్పండి.

ఖర్చు అవుతుంది, ఆలస్యం అవుతుంది, నిజమే. పన్నెండు గంటలు బండి ఆపితే ఎంత నష్టమో మీ దగ్గర లెక్క ఉంటుంది. నదిలో పడ్డ వ్యాగన్లను క్రేన్లతో తీసి, కట్ట మళ్లీ పోసి, లైన్ తెరవడానికి పట్టే రోజుల లెక్క కూడా మీ దగ్గరే ఉంటుంది. ఆ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూడమని కంట్రోల్‌లో కూర్చున్న వాళ్లకు మీరే చెప్పాలి, నేను చెబితే వినరు.

వచ్చే నైరుతి రుతుపవనాల లోపు రెండు పనులు చేయండి. నీళ్లు దిగాక ట్రాక్ తెరిచే పద్ధతి మీద అన్ని జోన్లకూ ఒక ఉత్తర్వు ఇవ్వండి, అందులో ట్రాక్‌మన్ వద్దంటే బండి ఆగాల్సిందేనని స్పష్టంగా రాయండి. గత పదేళ్లలో వాన, వరద, కట్ట కోత కారణంగా గూడ్స్ బండ్లు పట్టాలు తప్పిన ప్రతి ఘటన మీద మీ కమిటీలు ఇచ్చిన నివేదికలను, పేర్లు తీసేసి అయినా సరే, మీ వెబ్‌సైట్లో పెట్టండి. చదవడానికి జనం ఉన్నారు, ముందుగా చదవాల్సినవాళ్లు మీ సొంత ఇంజనీర్లే.

ఇట్లు,
ఒక రైలు ప్రయాణికుడు